కమానుల వీధిలో వంటగది

ఫెరారా,
సెప్టెంబరు, ద్రాక్షకోతల రోజులు

అక్కా,

కవరు మీద మీ మఠం వాళ్ళు నీకు పెట్టిన పేరే రాశాను. లేకపోతే గుమ్మం దగ్గరి ముసలి సిస్టరు తిప్పి పంపేస్తుంది. లోపల మాత్రం నువ్వు నివెస్‌వే. అమ్మ పోయాక మనిద్దర్నీ పెంచిన పెద్దమ్మ నోరారా పిలిచిన పేరది, దాన్ని మార్చే హక్కు ఏ మఠానికీ లేదు. ఈ విషయంలో నేను రాజీపడను.

నాకు ఉద్యోగం దొరికింది. మీ మఠం కటకటాల వెనక కూర్చుని నవ్వకు. సైకిల్ టూరు గైడుని! ఊరిని పరదేశులకు తిప్పి చూపించడమంటే ముక్కలుగా కోసి అమ్మడమేనని సంత మధ్య నిలబడి కరపత్రం పంచినవాణ్ణి కదా, ఆ కరపత్రం మాన్లియో చేతిలో పడింది. టూర్ల కంపెనీ ఆయనదే. మొదటినుంచి చివరిదాకా చదివి, "బాగుందోయ్, ఇంత నోరున్నవాడే నాక్కావాలి, రేపట్నించి వచ్చెయ్" అన్నాడు. శత్రువు ఇంత మర్యాదగా పిలిస్తే ఏం చెయ్యాలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. వెళ్ళాను. పెద్దమ్మ మందులకైనా పనికొస్తుంది.

వాళ్ళంతా హెల్మెట్లు పెట్టుకుని బాతుల్లా వరసగా వస్తారు. ఒక చేత్తో గొడుగు, ఇంకో చేత్తో రొట్టెల సంచి పట్టుకుని, పక్కసైకిలు మనిషితో కబుర్లాడుతూ పోయే మన అవ్వల్ని చూసి నోళ్ళు తెరుస్తారు. కోట, కందకం, చచ్చిన ప్రభువుల పేర్లు... చెప్తుంటే నాకే ఆవలింతలు. నిన్న మన కమానుల వీధిలోకి తిప్పాను. గులకరాళ్ళ మీద సైకిళ్ళు గడగడలాడుతున్నాయి. కమాను కిందికి రాగానే పైన వంటగది కిటికీ ధబాల్న తెరుచుకుంది.

"ఒరే ఓరెస్తె! ఆ ఎర్రచొక్కా ఆయన గొలుసు ఊడేట్టుంది, చూసుకోరాదూ! గైడట గైడు!"

పెద్దమ్మే. మోచేతుల దాకా పిండి. అందరూ తలెత్తి చప్పట్లు కొట్టారు. ఆ క్షణంలో నాకు మెరుపు మెరిసినట్టు తోచింది. ఈ వీధిలో తలుపు తలుపుకీ పక్కన టూరిస్టులకిచ్చే అద్దెగదుల తాళంచెవి డబ్బాలు పుట్టగొడుగుల్లా మొలిచాయి. అసలైన పొయ్యి వెలిగేది పెద్దమ్మ ఇంట్లో ఒక్కచోటే. చచ్చిన ప్రభువుల గురించి ఎందుకు చెప్పాలి? బతికున్న మనిషి గురించి చెప్తాను. జనానికి తెలిస్తే, ఆ ఇంటి జోలికి ఎవడు వస్తాడో చూస్తాను.

నీ తమ్ముడు,
ఓరెస్తె

---

మఠం, అపెనైన్ కొండలు
అక్టోబరు

ఒరేయ్ తమ్ముడూ,

నెలకొక ఉత్తరమే నాకు అనుమతి, కాబట్టి తిట్లు కుదించి రాస్తున్నాను.

మొదటిది. కవరు మీద ఎర్రసిరాతో "అత్యవసరం" అని రాయడం మానెయ్. మా మఠం పెద్ద మదర్ పాపం ప్రతిసారీ ఎవరో పోయారనుకుని నన్ను ప్రార్థన మధ్యలోంచి పిలిపిస్తుంది. క్రిందటిసారి అత్యవసరం విప్పితే, మునిసిపాలిటీ వాళ్ళు బెంచీలకు పచ్చరంగు వేశారని పేజీలకు పేజీలు. ఇప్పుడు ఆవిడ నీ కవరు చూస్తే నవ్వుతుంది. "మీ విప్లవం వచ్చింది" అని అందిస్తుంది.

రెండోది. పెద్దమ్మ కిటికీని కిటికీలాగే ఉండనివ్వరా. ఆమె చేతిలో అద్దె కాగితమంటూ లేదని నీకూ తెలుసు. "ఆర్జియా, నువ్వున్నంతకాలం ఉండు" అని ఇంటి యజమాని పెద్ద తోసెల్లిగారు అన్న మాటే ఆమె కాగితం. ఆ మాట అన్నాయన పోయారు. ఎవరూ గుర్తు చెయ్యనంత కాలమే అలాంటి మాటలు క్షేమంగా ఉంటాయి.

తోసెల్లిగారి భార్య ఎర్మెలిండమ్మగారు ఇప్పుడు మా కొండ కిందే ఉంటున్నారు. మఠానికి దానధర్మాలు చేసే మనిషి కాబట్టి ఆవిణ్ణి ఎప్పుడైనా లోపలికి రానిస్తారు. నన్ను చూడ్డానికి వస్తారు, సంచినిండా చెస్ట్‌నట్ కాయలు తెస్తారు. చూపు బాగా తగ్గింది. కటకటాల్లోంచి నా వేళ్ళు తడిమి, "ఆర్జియా పెంచిన చేతులు" అంటారు. మంచి మనిషి. ఇల్లు ఆవిడ పేరునే ఉంది గాని, వ్యవహారమంతా మిలానోలో ఉన్న కొడుకు గ్వీదోది.

తపస్సుకాలం వచ్చిందంటే ఈస్టర్ దాకా మాకు ఉత్తరాలివ్వరు, మర్చిపోకు. అంతలోపు రాయవలసిన కోపాలన్నీ రాసేసుకో.

నివెస్
(ఇలా సంతకం పెట్టకూడదు. నీకోసం పెట్టాను.)

---

ఫెరారా,
నవంబరు, పొగమంచు

అక్కా,

నువ్వు భయస్తురాలివి. గోడల మధ్య ఉంటే అంతే.

ఇక్కడ ఏం జరుగుతోందో విను. కమాను కింద అందరినీ ఆపి, పొగమంచులో ఒక నిమిషం మాట్లాడకుండా నిలబెడతాను. తర్వాత మొదలెడతాను. "ఒకప్పుడు ఈ వీధి పక్కనే నది పారేది. నది తప్పుకుపోయింది. ఇప్పుడు మనుషుల వంతు వచ్చింది. పైన వెలుగుతున్న ఆ కిటికీ చూడండి. ఆర్జియా అనే ఆవిడ పెళ్ళయి వచ్చినప్పట్నించీ అదే బల్ల మీద పిండి సాగదీస్తోంది. కోటలు కట్టినవాళ్ళు ఎప్పుడో పోయారు. ఈ ఊరిని నిలబెట్టి ఉంచింది ఇదిగో, ఈ వంటగది."  మొన్న ఒక డచ్చి దంపతులు బాహాటంగా ఏడ్చారు. వెనకాల హెల్మెట్ పెట్టుకున్న పొడుగాటి మనిషొకడు, ఇటలీవాడే, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మాన్లియో పండగ చేసుకుంటున్నాడు. ఎక్కడెక్కడివాళ్ళో "వంటగది కిటికీ టూరు" కావాలని అడుగుతున్నారట.

పెద్దమ్మ సంగతి చెప్తే నమ్మవు. మొదట్లో, "నేనేమన్నా జూలో ఎలుగుబంటినా?" అని కిటికీ మూసేసింది. ఇప్పుడు పది కాకముందే చెవులకు పగడాలు పెట్టుకుని సిద్ధం.

"ఇవాళ ఎంతమందిరా?"

"ఎందుకు పెద్దమ్మా, లెక్క?"

"పొడి పిండి చల్లుకోవాలి కదరా. మీ వాళ్ళు కింద నిలబడ్డప్పుడు పిండి అలా గాల్లోకి లేస్తే ఫోటోలో బాగుంటుందని మొన్నొచ్చిన జర్మన్ పిల్ల చెప్పింది."

గుమ్మడి పూర్ణం పెట్టి మడిచిన కప్పెల్లాచ్చి ఒకటి దారానికి కట్టి కిందికి దింపుతుంది. పచ్చిదే! ఒక ఫ్రెంచాయన దాన్ని అలాగే కొరికి తిన్నాడు. పెద్దమ్మ నవ్వలేక కిటికీ పట్టుకుని కూలబడింది. ఆమె అలా నవ్వి ఎన్నాళ్ళయింది చెప్పు?

ఓరెస్తె

---

మఠం,
డిసెంబరు, క్రిస్మస్ ముందు

తమ్ముడూ,

పచ్చి కప్పెల్లాచ్చి సంగతి చదివి భోజనాల గదిలో నవ్వాగక మౌనం తప్పాను. శిక్షగా వారం రోజులు గిన్నెలు తోమాను. పెద్దమ్మకు చెప్పు, సంతోషిస్తుంది.

ఎర్మెలిండమ్మగారు వచ్చారు. ఒక మాట చెప్పారు. ఆవిడ కొడుకు గ్వీదో మీ టూరులో వచ్చాడట. ఎవరికీ చెప్పకుండా డబ్బు కట్టి, అద్దె సైకిలెక్కి, హెల్మెట్ పెట్టుకుని వెనకాల నిలబడ్డాడట. "మన ఇల్లు అంత గొప్పదని నాకు తెలియనే తెలియదమ్మా, ఆ కుర్రాడు చెప్తుంటే నాకు కన్నీళ్ళాగలేదు" అన్నాడట తల్లితో. ఆవిడ మహా సంబరపడిపోయారు.

నాకెందుకో సంబరంగా లేదు. ఎందుకో అడక్కు. దేవుడి గురించి తప్ప దేని గురించీ ఎక్కువ తెలియని ఆడదాన్ని. అయినా చెప్తున్నాను, ఆ కిటికీ కింద కొన్నాళ్ళు ఆగకుండా పోండి.

నివెస్

---

ఫెరారా,
జనవరి

అక్కా!

ఆ పొడుగాటి మనిషి గ్వీదో తోసెల్లియా! చిన్నప్పుడు ఒక్కసారి చూసినవాణ్ణి హెల్మెట్ కింద ఎలా పోల్చుకుంటాను!

నువ్వు భయపడుతున్నావు గాని నాకైతే గంతులెయ్యాలని ఉంది. ఆస్తిపరుడి మనసు మాటతో మారదని, బలంతోనే వంచాలని చదివాను. తప్పు! మాట చాలు. నిజం చెప్పగలిగే గొంతు ఒక్కటి చాలు. ఇంటి యజమాని స్వయంగా వచ్చి, డబ్బిచ్చి, తన అద్దెదారు గురించి విని ఏడ్చి వెళ్ళాడు! దీని మీద నేను కొత్త కరపత్రం రాస్తున్నాను.

పెద్దమ్మ మాత్రం, "తోసెల్లి వాళ్ళింట్లో చిన్నప్పుడు కూడా వాడు ఏడిస్తే ఏదో ఒకటి కొనిచ్చేవాళ్ళు" అంది. ఆమెకు వర్గచైతన్యం లేదు.

ఓరెస్తె

---

ఫెరారా,
ఫిబ్రవరి, తపస్సుకాలం ముందు శనివారం

అక్కా,

ఈసారి నిజంగానే అత్యవసరం.

గ్వీదో వచ్చాడు. చేతిలో పండగ రొట్టె, రిబ్బను కట్టి. పెద్దమ్మ బుగ్గల మీద ముద్దుపెట్టాడు. వంటగదిలో కుర్చీ మీద కూర్చుని, చుట్టూ చూసి, "ఆర్జియా ఆంటీ, ఈ బల్ల ఇక్కడే ఉంచేద్దాం, కిటికీ కూడా మార్చం. అంతా ఉన్నది ఉన్నట్టే ఉంటుంది" అన్నాడు. పెద్దమ్మ, "ఎక్కడికి పోతుంది నాయనా, ఉంటుంది" అంది. అప్పుడు చెప్పాడు. ఈస్టర్ కల్లా ఖాళీ చెయ్యాలి. అద్దెగదులు చేస్తున్నాడు. పేరు కూడా పెట్టేశాడు: ఆర్జియా గారిల్లు.

నేను గోడకు చేరబడి ఉన్నాను. గ్వీదో నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. వెటకారం లేదక్కా, నిజంగా కృతజ్ఞతతోనే అన్నాడు: "నువ్వు చెప్పకపోతే దీని విలువ నాకు జన్మలో తెలిసేది కాదు."

గట్టిగా అరిచాను. బల్ల మీది గిన్నె తీసి విసిరాను. గుమ్మడి పూర్ణం గోడంతా పాకింది. గ్వీదో రుమాలుతో తుడిచాడు! తనే తుడిచాడు, తన గోడ కదా. పెద్దమ్మ, "కూర్చోరా, ఇంటికొచ్చిన మనిషి ముందు ఆ గంతులేంటి" అని నన్నే కసిరింది.

చట్టం తెలిసినవాళ్ళని అడిగాను. కాగితం లేదు కాబట్టి హక్కేమీ లేదన్నారు. యూనియన్ వాళ్ళని అడిగాను. మాన్లియోని అడిగాను, "అయ్యో, మరి టూరు ఆగే చోటు అక్కడే ఉంటుందా?" అన్నాడు.

ఒక్క దారే ఉంది. ఇల్లు ఎర్మెలిండమ్మగారి పేరున ఉంది. ఆవిడ సంతకం పెడితేనే గ్వీదో ఏమన్నా చెయ్యగలడు. ఆవిడ నీ మాట కాదనదు. భర్త అన్న మాట గుర్తు చెయ్యి చాలు. "నువ్వున్నంతకాలం" అన్నారని చెప్పు. నేను వెళితే అరుస్తాను, పనంతా పాడవుతుంది. నువ్వు చెప్తే వింటుంది. నువ్వే దిక్కు.

ఓరెస్తె

---

ఫెరారా,
మార్చి

సిస్టరుగారికి,

ఇప్పుడు నీ మఠం పేరుతోనే పిలుస్తున్నాను. నీకదే సరిపోయింది.

జవాబు లేదు. ఫోన్ చేశాను. గుమ్మం దగ్గరి సిస్టరు, "తపస్సుకాలం నాయనా, ఈస్టర్ తర్వాత" అంది. ఇల్లు పోతోందన్నాను. "ప్రార్థనలో పెడతాం" అంది. ప్రార్థనలో పెడతారట! రైలెక్కి మీ కొండకొచ్చాను కూడా. కింద ఎర్మెలిండమ్మగారింటికి తాళం వేసి ఉంది. గంట కొట్టాను. అదే మాట. గోడ పక్కన నిలబడి నీ పేరు పెట్టి కేకలేశాను. లోపల కీర్తన వినబడుతోంది. అందులో నీ గొంతు కూడా ఉండి ఉంటుంది. అది పైకి లేచిందే తప్ప ఆగలేదు.

పెద్దమ్మ గిన్నెలు పాత పేపర్లలో చుడుతోంది. నిన్ను తిట్టనివ్వడం లేదు. "దాని చేతిలో ఏముందిరా?" అంటోంది. మీ అందరి చేతుల్లో ఏమీ లేకపోతే మరి ఈ లోకం ఎవడి చేతిలో ఉంది?

ఓ.

---

మఠం,
ఈస్టర్ సోమవారం

ఓరెస్తె,

ఇవాళ పొద్దున నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి నా చేతికిచ్చారు. చదివాను. తోటలోకి వెళ్ళి ఉల్లిమళ్ళలో కలుపు తీశాను. మళ్ళీ వచ్చి చదివాను. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు చదివాక నాకు రాయకపోయినా సరే.

ఆ రెంటిలో మొదటి కవరు నేను అప్పుడే చూశాను.

తపస్సుకాలం మొదలై నుదుట బూడిద పెట్టించుకున్న బుధవారం నాడు మదర్ గదిలో దీపాలు తుడుస్తుంటే, పళ్ళెంలో ఉత్తరాల మధ్య కనబడింది. ఎర్రసిరా. అత్యవసరం. అడిగితే ఆవిడ విప్పనిచ్చేది. చావుబతుకుల సంగతైతే మినహాయింపు ఉంది. "ఇదేమన్నా చూడాలా?" అని తనే అడిగింది కూడా. నేను నవ్వి, "వాడికి ప్రతిదీ అత్యవసరమే మదర్, ఈస్టర్ దాకా ఉంచండి" అన్నాను. నియమాన్ని బాగా పాటిస్తున్నానని కాస్త గర్వపడ్డాను.

ఆ తర్వాతి ఆదివారం ఎర్మెలిండమ్మగారు వచ్చారు. కబుర్లన్నీ అయ్యాక, "గ్వీదో ఏవో కాగితాలు పంపాడమ్మా, ఫెరారా ఇంటివట, సంతకం పెట్టమంటున్నాడు. నాకు అక్షరాలు కనబడవు. మనసెందుకో ముందుకు పోవడం లేదు. ఏమంటావు, పెట్టనా?" అని అడిగారు. కటకటాల్లోంచి చెయ్యి చాపారు. ఆ చెయ్యి పట్టుకున్నాను.

"కొడుకే కదండీ, పెట్టండి" అన్నాను.

ఆ చెయ్యి పట్టుకుని ఆ మాట అన్నది నేనే. నీ ఉత్తరం మా నెత్తి మీది గదిలో, పళ్ళెంలో ఉంది.

నువ్వు వచ్చి పిలిచిన రోజు గోడ అవతల ఎవరో అరుస్తున్నారని మాకు వినబడింది. తాగినవాడెవడో అనుకున్నాం. నీ గొంతు నేను పోల్చుకోలేదు.

పెద్దమ్మకు ఇది చెప్పాలా వద్దా, నువ్వే నిర్ణయించు. నాకు తెలియడం లేదు. ఇవాళ నాకు ఏదీ తెలియడం లేదు.

నివెస్

---

ఫెరారా,
మే

అక్కా,

నెలరోజులు కాగితం ముందు కూర్చుని లేచాను. నిన్ను తిట్టాలనే కూర్చున్నాను. ప్రతిసారీ కలం మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. "కొడుకే కదండీ" అని నువ్వన్నావు. "ఈ కిటికీ చూడండి" అని నేనన్నాను. ఇద్దరం మంచిమాటే అన్నాం. దీన్ని ఎవరి మీద రాసి సంతలో పంచను?

పెద్దమ్మకు చెప్పలేదు. చెప్పను.

ఆమె ఇప్పుడు స్టేషన్ అవతల, ఫ్యాక్టరీ వాళ్ళకు కట్టిన అంతస్తుల ఇళ్ళలో నాతో ఉంది. వెలుతురు బాగుంటుంది, లిఫ్టు ఉంది. ఏమీ అనదు. పిండి మాత్రం కలపడం మానేసింది. "ఇక్కడి బల్ల ఎత్తు ఎక్కువ, భుజాలు లాగుతున్నాయి" అంది. కాళ్ళు కోయించాను. "ఇప్పుడు తక్కువైంది" అంది.

కిందటి నెల కాతియా అనే పిల్ల వచ్చింది. గ్వీదో అద్దెగదులు చూసుకునేది తనే. దిగినవాళ్ళంతా "ఆర్జియా ఏది?" అని అడుగుతున్నారట. రోజూ పొద్దున కాసేపు వచ్చి కిటికీ దగ్గర పిండి సాగదీస్తే జీతం ఇస్తామంది. నేను ఆ పిల్లను మెట్ల మీదికి నెట్టినంత పని చేశాను. లోపలికి వచ్చేసరికి పెద్దమ్మ కోటు వేసుకుంటోంది.

"నీ ఇంట్లో నువ్వే కూలికి వెళ్తావా?" అన్నాను.

"కూలి సంగతి నువ్వు చూసుకో. నేను నా బల్ల దగ్గరికి వెళ్తున్నా."

"వాళ్ళు నిన్ను బొమ్మని చేసి ఆడిస్తారు పెద్దమ్మా!"

"నువ్వు ఆడించినప్పుడు పగడాలు కూడా పెట్టుకున్నాను కదరా" అంది. కోపంగా కాదు. 

రోజూ సైకిలు మీద వెళ్ళి, తలుపు దగ్గర గంట కొట్టి, కాతియా తీసేదాకా ఆగుతుంది. సైకిలు గోడకు ఆనించకూడదట, కొత్త సున్నం.

నేను ఉద్యోగం మానేశాను. నా బదులు మాన్లియో పెట్టినవాడు, పెద్దమ్మ ఒకప్పటి ప్రభువుల వంటలక్క వంశమని చెప్తున్నాడట. ఆ మాట కూడా ఆమే చెప్పింది, పడీపడీ నవ్వుతూ. "నువ్వైతే నా గురించి నిజమైనా చెప్పేవాడివి" అంది. మళ్ళీ చేరాను. సిద్ధాంతం అడక్కు. దొరికితే నువ్వే రాయి.

ఇవాళ కమాను కింద ఆపాను. నది గురించి చెప్పాను. మనుషుల వంతు దగ్గరికి వచ్చేసరికి దాటవేశాను. పైన పెద్దమ్మ పిండి సాగదీస్తోంది. ఆమె వెనకాల కాతియా మంచం మీది దుప్పట్లు మారుస్తోంది. ఎవరో వయసు మళ్ళిన ఆవిడ, నార్వే నుంచట, హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని నన్ను మెల్లగా అడిగింది: "ఆవిడ ఈ ఇంట్లోనే ఉంటారా?"

 అందరూ నా మొహంలోకే చూస్తున్నారు.

"ఏమంటోందిరా?" పైనుంచి పెద్దమ్మ.

చెప్పాను.

ఆమె ఒక్కసారి వెనక్కి తిరిగి గదిలోకి చూసింది. దుప్పట్లు చూసింది. మళ్ళీ కిందికి వంగింది.

"ఉంటానని చెప్పు."

"పెద్దమ్మా..."

"చెప్పరా. అంత దూరం నుంచి వచ్చింది, పాపం."

ఉంటుందని చెప్పాను. ఆవిడ గుండె మీద చెయ్యి వేసుకుని, పైకి చూసి తల వంచింది. పెద్దమ్మ పిండి చెయ్యి ఊపింది. నేను పెడల్ మీద కాలు వేసి, అందరూ హెల్మెట్లు పెట్టుకునేదాకా ఆగాను.

నీ తమ్ముడు,
ఓరెస్తె